వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పడిపోయే ముప్పు: మార్కుల ఫారం చెప్పనిది

వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే ఒక ఫారం నింపుతారు. ఇంతకుముందు పడ్డారా, చేతికర్ర వాడతారా, మతిమరుపు ఉందా, ఏయే మందులు వేసుకుంటున్నారు లాంటి ప్రశ్నలకు మార్కులు వేస్తారు. వాటిని కూడి 'ముప్పు ఎక్కువ' అనో 'తక్కువ' అనో రాస్తారు. ఎక్కువ వచ్చినవారి మంచం దగ్గర ఒక గుర్తు తగిలిస్తారు, లేదా చేతికి రంగు పట్టీ కడతారు. తర్వాత ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది. చాలాచోట్ల అంచనా వేయడం అంటే ఇంతే. నెల తిరక్కుండానే ఆ మనిషి రాత్రిపూట బాత్రూమ్‌కి లేచి పడిపోతే ఫైలు తీసి చూస్తారు. అందులో 'ముప్పు ఎక్కువ' అనే రాసి ఉంటుంది. అంచనా తప్పలేదు, పడటమూ తప్పలేదు. ఇలాంటి అంచనా వల్ల ఎవరికి ఏం ఒరిగిందో ఆలోచించాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోని గాయాల వల్ల జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. సొంత ఇళ్లలో ఉండే 65 దాటినవారిలో ఏడాదికి దాదాపు మూడోవంతు మంది ఒక్కసారైనా పడతారు. దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లో ఆ సంఖ్య సగం దాకా వెళ్తుంది. ఒంట్లో సత్తువ తగ్గి, ఒకటికి నాలుగు జబ్బులు చుట్టుముట్టాకే చాలామంది అక్కడ చేరతారు కాబట్టి ఇది ఊహించదగ్గదే. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ బాగానే జరిగినా చాలామంది మునుపటిలా నడవలేరు. కొందరు మంచం పట్టి మళ్లీ లేవరు. దెబ్బ తగలనప్పుడు కూడా నష్టం ఉంటుంది. మళ్లీ పడతానేమోనన్న భయంతో మనిషి నడక తగ్గించేస్తారు, దాంతో కాళ్లలో బలం పోతుంది, బలం పోయాక పడే అవకాశం ఇంకాస్త పెరుగుతుంది.

ఆసుపత్రిలో పుట్టిన కొలతలు

ముప్పును కొలవడానికి వాడే స్కేళ్లలో బాగా పేరున్నది మోర్స్ ఫాల్ స్కేల్. జానిస్ మోర్స్ బృందం 1989లో దాన్ని ప్రచురించింది. అందులో ఆరే ప్రశ్నలు. గత మూడు నెలల్లో పడి ఉంటే 25 మార్కులు, ఒకటికి మించి జబ్బులుంటే 15, కర్ర లేదా వాకర్ వాడితే 15, బల్లలూ కుర్చీలూ పట్టుకుని నడిస్తే 30, సెలైన్ సూది ఉంటే 20, నడక బలహీనంగా ఉంటే 10, బాగా దెబ్బతింటే 20, తన శక్తి తనకు సరిగా తెలియని స్థితిలో ఉంటే 15. మొత్తం 45 దాటితే ముప్పు ఎక్కువని చాలాచోట్ల లెక్క వేసుకుంటారు.

నింపడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు కాబట్టి ఈ స్కేలు అంతటా పాకింది. కానీ దీన్ని తయారు చేసింది ఆసుపత్రి రోగుల కోసం. సెలైన్ ఎక్కించుకుంటున్నవారు, నాలుగు రోజులుండి ఇంటికి వెళ్లిపోయేవారు ఉండే చోటు అది. దాన్ని అలాగే సంరక్షణ కేంద్రానికి తెస్తే ఏమవుతుందో చూద్దాం. ఎనభై దాటిన ఒకావిడ ఉన్నారు. రెండు నెలల కిందట ఒకసారి పడ్డారు: 25. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి: 15. వాకర్ వాడతారు: 15. నడక బలహీనం: 10. ఇక్కడికే 65 వచ్చేశాయి, మతిమరుపు సంగతి ఇంకా అడగనే లేదు. ఆ కేంద్రంలో ఆవిడ పక్క గదిలో ఉన్నాయనకూ ఇంచుమించు అంతే వస్తాయి, ఎదురు గదిలోనూ అంతే. అందరి చేతికీ ఒకే రంగు పట్టీ ఉన్నప్పుడు నర్సు ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి?

కొలత కాస్త మెరుగైందే అనుకున్నా చిక్కు తీరదు. వంద మంది ఉన్న కేంద్రంలో ఏడాదిలో యాభై మంది పడతారనుకుందాం. పడేవారిలో నూటికి డెబ్బై మందిని, పడనివారిలో నూటికి అరవై మందిని సరిగ్గా గుర్తించే స్కేలు చేతిలో ఉందనుకుందాం. పడబోయే యాభై మందిలో 35 మంది దానికి దొరుకుతారు, 15 మంది 'ముప్పు తక్కువ' జాబితాలోకి వెళ్లిపోతారు. పడని యాభై మందిలో 20 మందికి అనవసరంగా ముద్ర పడుతుంది. ఆ 15 మంది విషయంలో ఫారం మేలు చేయకపోగా కీడు చేస్తుంది, ఎందుకంటే వాళ్ల మీద కన్నేసి ఉంచాల్సిన పని లేదని అది సిబ్బందికి భరోసా ఇస్తుంది.

ఈ కారణం చేతే బ్రిటన్‌లో ఆరోగ్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో ఆసుపత్రుల్లో ఈ జోస్యపు స్కేళ్లను వాడొద్దని సూటిగా చెప్పింది. 65 దాటిన ప్రతి రోగికీ ముప్పు ఉన్నట్టే భావించి పని మొదలుపెట్టమంది. 39 దేశాల నిపుణులు కలిసి 2022లో వెలువరించిన ప్రపంచ మార్గదర్శకాలు సంరక్షణ కేంద్రాల గురించీ అదే చెప్పాయి: అక్కడ ఉండే వృద్ధులందరినీ ముప్పు ఎక్కువ ఉన్నవారిగానే చూడాలి, ప్రతి ఒక్కరికీ అనేక కోణాల్లో పరీక్ష జరగాలి. ఎవరు పడతారన్న ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోయింది కాబట్టి, ఈ మనిషి ఏ వేళ, ఏ పని చేస్తూ, ఏ కారణంతో పడే అవకాశం ఉందన్న ప్రశ్న మీద శ్రమ పెట్టాలి. ఈ వ్యాసం వాదన కూడా అదే.

మార్కుల పద్ధతిలో మరో లోపం ఉంది, దాన్ని తక్కువమంది గమనిస్తారు. బలహీనత పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతూ పోతుందని స్కేళ్లు అనుకుంటాయి. సంరక్షణ కేంద్రంలో అలా జరగదు. బాగా నడవగలిగినవారు తక్కువ పడతారు. మంచం మీద నుంచి సొంతంగా లేవలేనివారూ తక్కువే పడతారు, లేవరు కాబట్టి. ఎక్కువగా పడేది మధ్యలో ఉన్నవారు. కుర్చీలోంచి లేవగలరు, కానీ లేచాక ఆసరా లేకుండా నిలబడలేరు. మోకాళ్ల మీద చేతులు ఆనించి ఎలాగోలా పైకి లేస్తారు, ఆ క్షణంలో పక్కన ఎవరూ ఉండరు. జ్వరం తగ్గి, నాలుగు మెతుకులు తిని, ఒంట్లోకి కాస్త బలం వచ్చిన మనిషి ఆ వారంలోనే పడిపోవడం సిబ్బందికి తెలియనిది కాదు. ఒంట్లో బాగుపడుతున్నారని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలో ముప్పు పెరుగుతుంది.

కెమెరాలో కనిపించింది

పడ్డ ఘటనల రిజిస్టర్ తిరగేస్తే కాలు జారి పడ్డారన్న వాక్యం పేజీ పేజీకీ కనిపిస్తుంది. చాలాసార్లు ఆ పడటాన్ని చూసినవారు ఎవరూ ఉండరు. మనిషి నేల మీద ఉంటారు, నేల తడిగా ఉందేమోనని అనుకుంటారు, అదే రాస్తారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో స్టీవెన్ రాబినోవిచ్ బృందం ఈ ఊహలను పక్కనపెట్టి కెమెరాలను నమ్ముకుంది. రెండు దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లోని భోజనశాలలు, హాళ్లు, వరండాల్లో మూడేళ్లకు పైగా రికార్డయిన దృశ్యాల్లోంచి 130 మంది పడ్డ 227 సందర్భాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. 2013లో ఫలితాలు వచ్చాయి. జారి పడ్డవి 3 శాతం మాత్రమే. కాలు తట్టుకుని పడ్డవి 21 శాతం. అన్నిటికంటే ఎక్కువ, 41 శాతం, ఒంటి బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదికి, లేదా ఒక వైపు నుంచి మరో వైపుకు సరిగా మార్చుకోలేక పడ్డవే. ముందుకు నడుస్తూ పడ్డవారు ఎక్కువే, కానీ ఊరికే నిలబడి ఉండగా, కుర్చీలో కూర్చోబోతూ పడ్డవారూ తక్కువేమీ కాదు. పడక గదుల్లో, బాత్రూముల్లో కెమెరాలు ఉండవు కాబట్టి అక్కడి లెక్క వేరుగా ఉండొచ్చు. అయినా ఒక్కటి మాత్రం తేలింది: నేల తుడిచి ఆరబెట్టినంత మాత్రాన అయిపోయే పని కాదిది.

కూర్చోవడాన్ని దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. వాకర్‌తో వస్తున్న మనిషి కుర్చీ దాకా వచ్చి, పూర్తిగా వెనక్కి తిరగాలి. రెండు కాళ్ల పిక్కలకూ కుర్చీ అంచు తగలాలి. అప్పుడు ఒక చేయి, తర్వాత రెండో చేయి వాకర్ మీంచి తీసి కుర్చీ చేతుల మీద ఆనించి, నడుము వంచి మెల్లగా దిగాలి. మతిమరుపు ఉన్నవారు కుర్చీ కంటపడగానే వచ్చేశామనుకుంటారు. ఇంకా అడుగు దూరం ఉండగానే వాకర్ వదిలేసి, సగం తిరిగి, కూర్చోబోతారు. తుంటి కుర్చీ అంచుకు తగిలి పక్కకు ఒరిగిపోతారు. ఇది ఏ స్కేలులోనూ ఉండదు. రోజూ భోజనానికి తీసుకొచ్చే సహాయకురాలికి మాత్రం కచ్చితంగా తెలుసు. ఆవిడను అడిగి రాసుకున్న ఒక్క వాక్యం 65 మార్కుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇలాంటి చూపుకు శాస్త్రబలం లేదనుకోకూడదు. స్వీడన్‌లో లుండిన్ ఒల్సన్ బృందం 1997లో 58 మంది వృద్ధులతో నడుస్తూ మాట్లాడించి చూసింది. మాట్లాడటం మొదలుపెట్టగానే 12 మంది నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ పన్నెండు మందిలో పదిమంది పడ్డారు. నడకకే మెదడంతా పెట్టాల్సి వస్తున్నవారికి మరో పని తోడైతే ఏదో ఒకటి ఆగిపోతుంది. నడక ఆపనివారిలోనూ కొందరు పడ్డారు కాబట్టి ఇదొక్కటే చాలదు. కానీ పరికరాలేవీ అక్కర్లేని ఈ గమనింపు నడవలో ఎవరైనా చేయొచ్చు.

కారణాలు వెతికే పరీక్ష

లేచి నిలబడగానే బీపీ పడిపోవడం తరచూ కనిపించే కారణాల్లో ఒకటి, తరచూ తప్పిపోయేదీ అదే. బీపీని కూర్చోబెట్టి చూసి రాసేస్తే ఇది దొరకదు. మనిషిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడాలి. నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే సమస్య ఉన్నట్టే. పొద్దున్నే మంచం దిగకముందు చూస్తే దొరికేది మధ్యాహ్నం చూస్తే దొరక్కపోవచ్చు. కొందరికి భోజనం చేసిన గంటలోపు తగ్గుతుంది. అలాంటివారు భోజనశాల నుంచి గదికి వెళ్తూ పడుతుంటారు. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగితే లేదనేవారికీ బీపీ పడిపోతుండొచ్చు కాబట్టి అడిగి ఊరుకోకూడదు.

మందుల విషయంలో ఎన్ని మాత్రలన్నది కాక ఏ మాత్రలు, ఏ వేళకు అన్నది చూడాలి. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించేవి, మానసిక చికిత్స మందులు, డిప్రెషన్ మందులు, మత్తు కలిగించే నొప్పి మందులు, బీపీ మందులు, జలుబుకూ దురదకూ వేసే పాత రకం మాత్రలు అన్నీ తూలేలా చేయగలవు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర సాయంత్రం వేస్తే రాత్రి రెండుసార్లు అదనంగా లేవాల్సి వస్తుంది. అదే మాత్రను డాక్టరు పొద్దుటికి మారిస్తే ఆ రెండు ప్రయాణాలూ తగ్గొచ్చు. ఎప్పుడో ఆసుపత్రిలో పదిరోజుల కోసం రాసిన నిద్రమాత్ర రెండేళ్లయినా చార్టులో కొనసాగుతుంటుంది, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. వీటిని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

రాత్రి బాత్రూమ్ ప్రయాణం ఒక్కటే విడిగా పరిశీలించదగ్గది. మూడు రోజుల పాటు ఎవరు ఏ వేళకు లేస్తున్నారో రాసుకుంటే వరస కనిపిస్తుంది. రోజూ రెండున్నర ప్రాంతంలో లేచే మనిషి దగ్గరికి రెండుంబావుకే వెళ్లి తీసుకెళ్లొచ్చు. ఈ పనికి ఖర్చేమీ లేదు, రాత్రి షిఫ్టులో చాలినంతమంది ఉంటే చాలు. చాలాచోట్ల లేనిది అదే. 'లేవాలంటే బెల్ నొక్కమని చెప్పాం' అని ప్రణాళికలో రాసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మతిమరుపు బాగా ముదిరిన మనిషికి బెల్ ఉందన్న సంగతే గుర్తుండదు. ఆ వాక్యంతో సిబ్బంది మనసు కుదుటపడుతుందేమో గానీ, ఆ మనిషికి రక్షణ దొరకదు.

కంటి శుక్లాలు, రాత్రి చేతికి అందని కళ్లజోడు, పెరిగి ముడుచుకుపోయిన కాలిగోళ్లు, మడమ పట్టు లేని చెప్పులు, పాదాలు నేలకు ఆనని ఎత్తు మంచం, బ్రేకు సరిగా పడని వీల్‌చైర్ వంటివి పావుగంటలో చూసేయొచ్చు. వెంటనే సరిదిద్దవచ్చు కూడా. మనిషి ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటం, పగలంతా మగతగా ఉండటం లాంటివి కనిపిస్తే మాత్రం ఆగాలి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీరు తగ్గడం కావచ్చు, మలబద్ధకం కావచ్చు. అలాంటప్పుడు పడటమే ఆ జబ్బు బయటపడ్డ మొదటి లక్షణం కావచ్చు.

పడే ముప్పూ దెబ్బతినే ముప్పూ ఒకటి కావు. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు తక్కువసార్లు పడినా ఎక్కువ నష్టపోతారు. రక్తం పలచబడే మందు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, లోపల మెల్లగా రక్తస్రావం జరగొచ్చు. అంచనా కాగితంలో ఈ రెండో సంగతికి విడిగా చోటుండాలి.

ఇదంతా చేరిన రోజు ఒకసారి చేసి వదిలేసేది కాదు. మందు మారినప్పుడు, గది మారినప్పుడు, ఆసుపత్రికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు మళ్లీ చూడాలి. కొత్త చోటికి వచ్చిన తొలి వారాల్లో బాత్రూమ్ ఎటువైపో తెలియక అర్ధరాత్రి గోడలు తడుముకునేవారు ఎందరో. పడ్డ తర్వాత చేసే పరిశీలన అన్నిటికంటే విలువైనది. పడ్డ కొద్దిసేపటికే, చూసినవారు ఇంకా అక్కడ ఉండగానే అడగాలి: ఏం చేయబోతున్నారు, ఎటు వెళ్తున్నారు, కాళ్లకు ఏముంది, లైటు వెలుగుతోందా, చివరి మాత్ర ఎప్పుడు వేశారు. మర్నాడు అడిగితే సగం పోతుంది.

అంచనా తర్వాత ఏం చేస్తారు

ఇలా కారణం వెతికి, దానికి తగ్గ చర్య తీసుకుంటే ఫలితం ఉంటుందా? ఇంగ్లండ్‌లో 84 సంరక్షణ కేంద్రాల్లో 1,657 మందితో జరిగిన ఫించ్ అధ్యయనం 2021లో వెలువడింది. వాటిలో దాదాపు సగం కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ప్రతి ముప్పుకూ ఎదురుగా చేయాల్సిన పని రాసి ఉన్న చెక్‌లిస్టు ఇచ్చారు. నాలుగు నుంచి ఆరో నెల మధ్య ఆ కేంద్రాల్లో పడటం మిగతావాటి కంటే 43 శాతం తక్కువగా ఉంది. తర్వాతి నెలల్లో ఆ తేడా తగ్గుతూ వచ్చింది. సిబ్బంది మారిపోయే చోట శిక్షణ ఒక్కసారితో సరిపోదని దీన్నుంచి తీసుకోవచ్చు. అన్ని అధ్యయనాలూ ఇంత స్పష్టంగా లేవన్నదీ నిజమే. సంరక్షణ కేంద్రాల్లో బహుముఖ చర్యల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచిన 2018 కోక్రేన్ సమీక్ష గట్టి నిర్ధారణకు రాలేకపోయింది.

ఆహారం గురించి మాత్రం గట్టి ఆధారమే ఉంది. ఆస్ట్రేలియాలో 60 కేంద్రాల్లో ఏడు వేల మందికి పైగా వృద్ధులతో రెండేళ్లు సాగిన అధ్యయనంలో సగం కేంద్రాల భోజనంలో పాలు, పెరుగు, చీజ్ పెంచారు. ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం, పడటం 11 శాతం తగ్గాయి. ఈ ఫలితాలు కూడా 2021లోనే వచ్చాయి. ముప్పు అంచనాలో బరువు తగ్గడం, కంచంలో అన్నం వదిలేయడం ఎందుకు రాయాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

పనికిరానివీ, కీడు చేసేవీ కూడా ఉన్నాయి. మనిషిని కుర్చీకో మంచానికో కట్టేస్తే పడరన్న నమ్మకం ఇంకా చావలేదు. కట్టేస్తే కండలు కరిగిపోతాయి, విడిపించుకోబోయి తీవ్రంగా గాయపడతారు, మంచం కమ్మీల మీదుగా దిగబోయేవారు ఇంకా ఎత్తు నుంచి పడతారు. అమెరికాలో 1987 చట్టం దీన్ని కట్టడి చేశాక వాడకం బాగా తగ్గింది. లేవగానే మోగే అలారాల మీదా అతిగా ఆశ పెట్టుకున్నారు. 2012లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 16 ఆసుపత్రి వార్డుల్లో అలారాల వాడకం పెరిగింది, పడటం తగ్గలేదు. అలారం మోగేసరికి మనిషి లేచే ఉంటారు.

ముప్పు పూర్తిగా పోవాలంటే ఎవరినీ కదలనివ్వకూడదు. అలా బతకమని ఎవరినీ అడగలేం. తోటలోకి ఒంటరిగా నడిచి వెళ్లడం తనకు ముఖ్యమని ఒక పెద్దాయన అంటే, పడే అవకాశం ఎంతో ఆయనకూ కుటుంబానికీ విడమరచి చెప్పి, దారిలో పట్టుకోవడానికి కమ్మీ, కూర్చోవడానికి బెంచీ ఏర్పాటు చేసి, ఆయన నిర్ణయాన్ని ఫైల్లో రాయడం కూడా అంచనాలో భాగమే. ఆ పేజీ లేకపోతే, పడిన రోజు కుటుంబం నిలదీస్తుందన్న భయంతో సిబ్బంది ఆయన్ను కుర్చీకే పరిమితం చేస్తారు.

కేంద్రం పనితీరును చూసేవారు సాధారణంగా ప్రతి వెయ్యి పడక-రోజులకు (ఒక మనిషి ఒక రోజు ఉంటే ఒక పడక-రోజు) ఎన్నిసార్లు పడ్డారన్నది లెక్కిస్తారు. 60 మంది ఉన్న కేంద్రంలో 30 రోజుల్లో తొమ్మిదిసార్లు పడితే అది 5. అమెరికా నిబంధనల్లో సిబ్బంది పట్టుకోకపోతే పడిపోయేవారే అన్న సందర్భమూ పడటం కిందకే వస్తుంది. చూసినవారు లేకుండా నేల మీద దొరికినా అంతే. ఇంత నిజాయితీగా రాయడం మొదలుపెట్టిన కేంద్రంలో తొలి నెలల్లో అంకె పెరగడం ఖాయం. దానికి సిబ్బందిని మందలిస్తే మరుసటి నెల నుంచి అంకె తగ్గుతుంది, పడటం తగ్గదు. అందుకే మొత్తం అంకెతో పాటు దెబ్బలు తగిలినవాటిని, రెండోసారి పడ్డవారిని విడిగా చూడాలి. రెండోసారి పడ్డ ప్రతి మనిషి ఫైల్లోనూ మొదటిసారి రాసిన కారణం ఉంటుంది, దాని మీద ఈలోపు ఎవరు ఏం చేశారో, అసలేమైనా చేశారో లేదో పక్క పేజీలోనే తేలిపోతుంది.